డిస్కుల వరుసలో తెలుగు గ్రంథములు
(పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



తాళ్ళపాకవారి సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై నిలిచినందుననే మనకు దక్కినవి. నేటి రాగిరేకు డిస్కు. నాటి చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన రాజ్‌రెడ్డిగారు తలపెట్టిన పదిలక్షల గ్రంథముల పథకమున, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థయు, ఇతర సంస్థలును వేలకొలది తెలుగు పుస్తకములను డిస్కుల కెక్కించినవి.

అయితే డిస్కు రాగివలె దీర్ఘాయువు కాదు. 1956లో ఐ.బి.ఎం.వారి తొలి డిస్కు యంత్రమున 50 పళ్ళెములున్నను, పట్టినది 50 లక్షల అక్షరములే. నేడు అరచేతి డిస్కున ఒక గ్రంథాలయమే యిమిడియుండును. అది చెడినచో గ్రంథాలయమే పోవును. 1988లో బర్క్లీ విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు, చవక డిస్కులను వరుసగా కూర్చి, ఒకటి చెడినను సమాచారము నిలుచు ఉపాయములను వివరించిరి.

దాని మర్మము బాలురకును బోధపడును. మొదటి డిస్కున 7, రెండవదాన 5, మూడవదాన వాని మొత్తము 12 వ్రాసితి మనుకొనుడు. రెండవది చెడినచో, 12లో 7 తీసివేయగా 5 తిరిగి వచ్చును. యంత్రము చేయు లెక్క వేరైనను సూత్రమిదియే.

ఈ వరుసలో ఒకేసారి రెండు చెడినచో లెక్క సాగదు. మనమే పొరపాటున చెరిపినను, గదికి నిప్పంటుకొన్నను వరుస కాపాడదు. కావున మరియొక ప్రతి వేరొక ఊర నుండవలెను.

ఈ కోలారు సీమలో మన యిండ్ల అటకలపై పాత తెలుగు పుస్తకములు, పెద్దల చేతివ్రాతలు గలవు. చెదలు తిన్న పుటను ఏ డిస్కును తిరిగి ఈయజాలదు. వానికి ప్రతులు తీయించి, రెండుచోట్ల భద్రపరచి, అసలును సైతము దాచుడని ప్రార్థించుచున్నాను.