మారుపేరు మాటున రచయిత్రి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



పుస్తకమును చేతికి తీసికొనిన పాఠకుడు ముందుగా దాని పేరును, పిదప గ్రంథకర్త పేరును చూచును. అట్టపై పేరున్నచో ఆ మనిషి లోకమున నున్నట్లే నమ్మును. కాని లక్షలాది బాలబాలికలు ప్రీతితో చదివిన యొక గ్రంథమాలపై అచ్చయిన పేరుగల మనిషి యెన్నడును పుట్టియుండలేదు. ఆ పేరు కారొలిన్ కీన్. ఆ గ్రంథమాల నాన్సీ డ్రూ అను బాలిక అపరాధ పరిశోధన కథలు.

అమెరికా దేశమున ఎడ్వర్డు స్ట్రాటెమేయర్ అను రచయిత ఇరువదవ శతాబ్ది తొలి దశకమున పిల్లల పుస్తకములకు కర్మాగారము వంటి సంస్థను నెలకొల్పెను. కథాసంగ్రహమును సంస్థ కొలది పుటలలో నిచ్చును. కుదుర్చుకొన్న రచయిత దానిని నవలగా పెంచును. రచయితకు ప్రతిఫలము ఒక్కమారే. హక్కులన్నియు సంస్థవే. మారుపేరుపై తనకెట్టి అధికారమును లేదని రచయిత సంతకము చేయవలెను. వ్రాయుచేయి మారినను అట్టమీది పేరు మారదు. కావున మాల తెగదు. 1927లో వెలువడిన హార్డీ బాయ్స్ కథలును ఇట్టివే. వానిపై ఫ్రాంక్లిన్ డబ్ల్యు. డిక్సన్ అని యుండును. తొలి కథలను వ్రాసినవాడు కెనడావాసి లెస్లీ మెక్‌ఫార్లేన్.

నాన్సీ డ్రూ తొలి మూడు పుస్తకములు 1930 ఏప్రిలులో వెలువడినవి. కొలది దినములకే, మే నెలలో, స్ట్రాటెమేయర్ మరణించెను. వానిని వ్రాసినది ఐయోవా రాష్ట్రమున ఒక చిన్న యూరిలో 1905లో జన్మించిన మిల్‌డ్రెడ్ వర్ట్ బెన్సన్. అప్పటి కామెకు 25 ఏండ్లయినను నిండలేదు. పుస్తకమునకు 125 డాలర్లు లభించెడివి. ఆర్థికమాంద్యమున సంస్థ దానిని 75కు తగ్గింపగా, ఆమె కొంతకాలము మానుకొనెను. నడుమ మూడు పుస్తకములను వాల్టర్ కారిగ్ వ్రాసెను. పాఠకులకు ఆ సంగతి తెలియనేలేదు. మొదటి 30 పుస్తకములలో 23 ఆమె వ్రాసినవే.

ఇట్టి గ్రంథమాలల యెడ గ్రంథాలయములు చూపిన ఆదరము స్వల్పము. బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిన 1914లోనే, అమెరికా బాలచరుల సంస్థ గ్రంథపాలకుడు ఫ్రాంక్లిన్ మాథ్యూస్, చవుకబారు కథలు పిల్లవాని బుద్ధిని చెరచునని ఘాటైన వ్యాసము ప్రకటించెను. పెక్కు గ్రంథాలయములు ఈ మాలలను కొనుటకే నిరాకరించినవి. పిల్లలు మాత్రము కొని, యెరువు తెచ్చుకొని చదివిరి. విమర్శ పూర్తిగా నిరాధారము కాదు. నల్లజాతివారిని హీనముగా చిత్రించిన ఘట్టములు ఆ కథలలో నుండెను. 1959 నుండి పుస్తకములను కుదించి, తిరిగి వ్రాయించి, వానిని తొలగించిరి. అయినను తన బుద్ధితో చిక్కులు విడదీసి, తన కారును తానే నడుపుకొను బాలికను చూచి ఆడుపిల్లలు పొందిన ధైర్యమును ఏ విమర్శయు తుడిచివేయలేదు. అమెరికా అత్యున్నత న్యాయస్థానమున 1981లో తొలి మహిళా న్యాయమూర్తియైన సాండ్రా డే ఓకానర్ ఆ కథల బాలపాఠకులలో నొకరు.

రచయిత్రి పేరు న్యాయస్థానముననే బయటపడినది. ప్రకాశకుల నడుమ హక్కుల వివాదము 1980లో న్యూయార్కున విచారణకు రాగా, బెన్సన్ సాక్ష్యమిచ్చెను. స్ట్రాటెమేయర్ కుమార్తె హారియెట్ ఆడమ్స్ అంతవరకు తానే కారొలిన్ కీన్ అని లోకమునకు తోచునట్లు మెలగుచుండెను. ఆమె పిమ్మటి పుస్తకములను వ్రాసినదియు, పాతవానిని దిద్దించినదియు నిజమే. కాని తొలి నాన్సీకి ప్రాణము పోసిన చేయి వేరని నాడు స్పష్టమైనది. అప్పటికి 50 ఏండ్లు గడచినవి. టొలీడో నగరపు దినపత్రికలో బెన్సన్ విలేఖరిగా చిరకాలము పనిచేసి, 96వ యేట, 2002 మే 28న కార్యాలయముననే అస్వస్థురాలై, ఆ దినముననే కన్నుమూసెను.

ఈ చరిత్ర గ్రంథాలయములకు రెండు ధర్మములను బోధించుచున్నది. పిల్లవాడు ఇష్టపడి అడిగిన పుస్తకమును పేరు చూచి త్రోసివేయరాదు. చదివి, మంచిచెడ్డలు తెలిసి నిర్ణయింపవలెను. చిన్ననాడు కథకై గ్రంథాలయపు మెట్లెక్కినవాడే పెద్దయై శాస్త్రమునకై వచ్చును. రెండవది, పట్టిక యెన్నడును పూర్తికాదు. నిజమైన రచయిత పేరు తెలిసిననాడు దానిని మారుపేరు ప్రక్కన వ్రాయుట గ్రంథపాలకుని విధి. హక్కులను సంస్థ కొనవచ్చును, శ్రమకు వెల కట్టవచ్చును. కాని వ్రాసినవారి పేరును శాశ్వతముగా కొనుట యెవ్వరి తరమును కాదు. ఆ ఋణమును తీర్చగల తావు గ్రంథాలయమే.