అయాన్లను తొణక్కుండా మోయడం

క్వాంటం అనగానే రేడియో కట్టేయకండి. ఇవాళ సమీకరణాలు లేవు. ఒక గోళీ, ఒక మూకుడు ఉంటే చాలు.

అమరావతిలో క్వాంటం వ్యాలీ కడతామని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించాక మన శ్రోతల్లో చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు: "ఎన్ని క్యూబిట్లు ఉంటే మంచి యంత్రం?" అక్కడికి అనుకున్న ఐబీఎం యంత్రం అతివాహకాలతో చేసేది. అందులో క్యూబిట్లు పెట్టినచోటే ఉంటాయి. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుని, ఉండేది కొలరాడోలో. మా ప్రాంతంలో పెరిగిన క్వాంటం యంత్రాలది వేరే దారి. వాటిలో ఒక్కో క్యూబిట్ ఒక్కో అయాను, అంటే ఒక ఎలక్ట్రాను పోగొట్టుకున్న పరమాణువు. లెక్క జరుగుతున్నంతసేపూ ఈ అయాన్లు ప్రయాణం చేస్తూనే ఉంటాయి. ఈ యంత్రాల మంచిచెడ్డలు తేలేది ఆ ప్రయాణంలోనే అని నా అభిప్రాయం.

ముందు అయానుని గాలిలో, కాదు, శూన్యంలో ఎలా నిలబెడతారు? కదలని విద్యుత్ క్షేత్రంతో ఆవేశాన్ని ఒకచోట కట్టిపడేయలేమని 1842లోనే ఎర్న్‌షా నిరూపించాడు. గుర్రపు జీను మీద గోళీ పెడితే ఒక వైపు నిలిచినా ఇంకో వైపు జారిపోతుంది కదా, అలాగన్నమాట. జర్మనీలో వుల్ఫ్‌గాంగ్ పౌల్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. క్షేత్రాన్ని సెకనుకి కోట్లసార్లు తిప్పేస్తే, జారే లోపలే జారుడు దిశ మారిపోతుంది. గోళీ మధ్యలో ఉండిపోతుంది. 1989లో నోబెల్ బహుమతి పంచుకున్న వారిలో ఆయన ఒకరు.

అలా పట్టుకున్న రెండు అయాన్లు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఒకటి ఊగితే రెండోదీ ఊగుతుంది. ఈ ఉమ్మడి ఊగుడునే వార్తాహరుడిగా వాడుకుని రెండు క్యూబిట్ల మధ్య లెక్క చేయించవచ్చని 1995లో సిరాక్, జోలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. కానీ ఒకే వరసలో పాతిక, యాభై అయాన్లను పేర్చుకుంటూ పోతే ఎవరి ఊగుడు ఎవరిదో తేలదు. అందుకని 2002లో కీల్‌పిన్‌స్కీ, మన్రో, వైన్‌లాండ్ ఒక పథకం ప్రతిపాదించారు: చిప్పు మీద చిన్న చిన్న గదులు కట్టి, ఏ రెండు అయాన్లకు పని ఉందో ఆ రెండింటినే ఒక గదికి తీసుకొచ్చి, పని కాగానే విడదీసి పంపాలి.

చెప్పడానికి తేలికే. చిప్పు మీద వరసగా ఎలక్ట్రోడులు ఉంటాయి. వాటి వోల్టేజీలు కలిసి అయాను కింద ఒక మూకుడులా ఏర్పడతాయి. వోల్టేజీలు మారుస్తూ పోతే మూకుడు జరుగుతుంది, దానితోపాటు గోళీ. గట్టిగా లాగితే గోళీ ఊగడం మొదలెడుతుంది. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. అయాను లోపల దాచిన సమాచారానికి ఈ కుదుపు వల్ల పెద్దగా నష్టం లేదు. జేబులో ఉత్తరం భద్రంగానే ఉంటుంది. ఊగుతున్న చేతులతో ఆ ఉత్తరం మీద రాయబోతేనే రాత చెడుతుంది.

పోనీ నెమ్మదిగా తీసుకెళ్దామంటే లెక్క ఎప్పటికీ తెమలదు. వేగంగానూ వెళ్ళాలి, ఊగకుండానూ చేరాలి. దీనికి ఉపాయం గోళీ దగ్గరే ఉంది. మూకుడు బయల్దేరినప్పుడు గోళీ వెనక్కి పడి ఊగుతుంది. సరిగ్గా పూర్తి ఊగులు ముగిసి గోళీ అడుగుకు వచ్చిన క్షణాన మూకుడిని ఆపితే, గోళీ కూడా అక్కడే ఆగిపోతుంది. 2012లో బౌల్డర్‌లోని ఎన్‌ఐఎస్‌టీ ప్రయోగశాల వారు ఒక బెరీలియం అయానుని 370 మైక్రోమీటర్ల దూరం 8 మైక్రోసెకన్లలో తీసుకెళ్ళారు. ఆ కాసేపట్లో అది 16 సార్లు ఊగింది. చేరాక మిగిలిన అదనపు ఊగుడు ఒక క్వాంటంలో పదోవంతు మాత్రమే! నా వృత్తిలో వోల్టేజీ పిసరంత అటూ ఇటూ అయినా సర్దుకుపోతుంది. ఇక్కడ ఆ పిసరే మొత్తం కథ.

విడదీయడం ఇంకా కష్టం. ఒకే మూకుడులో ఉన్న ఇద్దరి మధ్య గట్టు లేపాలి. గట్టు లేచే ముందు మూకుడు అడుగు చదునైపోతుంది, అయాన్ల మీద పట్టు సడలుతుంది. అదే ప్రయోగశాలలో దీనికి 55 మైక్రోసెకన్లు పట్టింది, ఒక్కో అయానుకి సుమారు రెండు క్వాంటాల ఊగుడు చేరింది.

ఆ ఊగుడిని చల్లార్చాలంటే లేజరు కావాలి. కానీ క్యూబిట్ మీద ఆ లేజరు పడితే సమాచారం చెడిపోతుంది. అందుకని ఒక తోడును పంపుతారు. పెళ్ళికూతుర్ని ముట్టుకోకుండా తోడి పెళ్ళికూతురికి గంధం పూస్తే పెళ్ళికూతురికి చల్లబడినట్టు! మా ఊరికి దగ్గర్లోని బ్రూమ్‌ఫీల్డ్‌లో ఉన్న క్వాంటినియం కంపెనీ హెచ్2 యంత్రంలో యిటర్బియం పెళ్ళికూతురు, బేరియం తోడు. 2025లో వచ్చిన హీలియోస్‌లో పాత్రలు తారుమారయ్యాయి. అందులో క్యూబిట్లు 98. ఇలాంటి యంత్రాల్లో లెక్కకు పట్టే సమయంలో పెద్ద భాగం అసలు లెక్కకు కాదు, ఈ మోతకీ ఈ చల్లార్పుకీ పోతుంది.

ఏమీ చేయకుండా ఉన్నా అయాను వేడెక్కుతుంది. ఎలక్ట్రోడు ఉపరితలం మీది మురికి నుంచి వచ్చే సన్నని విద్యుత్ రొద దీనికి ఒక కారణం. 2012లోనే ఎన్‌ఐఎస్‌టీ వారు ఆర్గాన్ అయాన్లతో ఉపరితలాన్ని కడిగితే ఆ రొద నూరో వంతుకు తగ్గింది. ఇంత పెద్ద విజ్ఞానం చివరికి గిన్నెలు తోమడం దగ్గరికి వచ్చింది చూడండి.

అందుకని నా మనవి ఇది. ఇలాంటి యంత్రం గురించి ఎవరైనా అంకె చెప్పగానే ముచ్చటపడి ఊరుకోకండి. వాటిని ఎంత వేగంగా మోస్తున్నారు, ఎంత తక్కువ తొణికిస్తున్నారు అని అడగండి. మన పిల్లల్లో భౌతికశాస్త్రం చదవని వాళ్ళు కూడా ఈ రంగం మాది కాదనుకోవద్దు. వోల్టేజీని శుభ్రంగా ఉంచేవాళ్ళు, లోహాన్ని శుభ్రంగా ఉంచేవాళ్ళు, శూన్యాన్ని నిలబెట్టేవాళ్ళు లేకపోతే ఆ అయాను ఒక్క అడుగు కూడా వేయలేదు.

మీ ప్రశ్నలు స్టేషనుకి రాయండి, వీలునుబట్టి జవాబిస్తాను. అందాకా సెలవు.