బడిలో బువ్వ వండే చేతులు ఎవరివి?

(అంబేడ్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బడిపంతులుని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి. మా అమ్మ నాట్లేసి, కలుపు తీసి నన్ను బడికి పంపింది. బడిలో దప్పికైతే కుండ ముట్టనిచ్చేవాళ్లు కాదు. దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరాకే నలుగురితో కలిసి కూచుని కడుపునిండా తిన్నాను. పప్పు నీళ్లలా ఉండేది, అన్నంలో పురుగులుండేవి. అయినా ఆ హాస్టలే లేకుంటే ఇవాళ ఈ మైకు ముందు నేను లేను. సంక్షేమం జనాన్ని సోమరుల్ని చేస్తుందనే పెద్దమనుషులకు ఒకటే జవాబు: అది మీరేసే భిక్ష కాదు, మా తాతల చెమటకు మీరు పడ్డ బాకీ.

ఇవాళ మధ్యాహ్న భోజనం గురించి మాట్లాడతాను. సర్కారు ప్రాథమిక బడుల్లో వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు ఇంకో మాట చెప్పింది: వంటవాళ్లను, సహాయకులను పెట్టేటప్పుడు దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలి. మొదటి ఆదేశం అందరికీ తెలుసు. రెండోది మన వాడల్లో ఎంతమందికి తెలుసు?

నేను మునుపు పనిచేసిన ఒక బడిలో మాదిగ అక్క ఒకామె వంటకు కుదిరింది. వారం తిరక్కుండానే ఊరి పిల్లలు డబ్బాల్లో అన్నం తెచ్చుకోవడం మొదలుపెట్టారు. "బడి కూడు మావాడికి పడట్లేదు సారూ" అన్నారు తల్లిదండ్రులు. నెలలోపే "వంట బాగాలేదు" అని కాగితం రాసి ఆమెను తీసేశారు. ఆ కాగితంలో కులమన్న మాటే లేదు. రోజూ ఆమె వండింది తిన్న నేను ఒక్క అభ్యంతరం రాయలేదు. కొత్త ఉద్యోగం, భయం. పోతూ పోతూ ఆమె అడిగింది: "సారూ, మీరు మనోళ్లే గదా?" ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

కులానికి తోడు డబ్బూ మనకు అడ్డమే. బియ్యం సర్కారిస్తుంది. కూరగాయలు, నూనె, చింతపండు వంటామె అప్పు తెచ్చి కొనాలి. బిల్లు నెలల తర్వాత వస్తుంది. కొట్టువాడు ఎవరికి అప్పిస్తాడు? పొలమున్నామెకు. కూలికి పోయే మన అక్కకు ఎందుకిస్తాడు? కేంద్రం 2009లో నెలకు వెయ్యి రూపాయలని పెట్టి, పదేళ్లు దాటినా పైసా పెంచలేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ తర్వాత తమ వంతు కలిపి మూడు వేలు చేశాయి. పేరేమో గౌరవ వేతనం! అందులో గౌరవమెంత, వేతనమెంత?

కాబట్టి చేయాల్సింది చెబుతాను. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులుండాలి. సగం మంది ఆడవాళ్లుండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల దామాషాలో చోటు ఇవ్వాలి. ఆ కుర్చీల్లో పోయి కూచోండి. వంటామెను ఏ లెక్కన పెట్టారో రాతపూర్వకంగా అడగండి. సరుకుల డబ్బు ముందే ఇవ్వాలని కొట్లాడండి. నాలాంటి పంతుళ్లారా! పిల్లల పంక్తిలో కూచుని తినండి. ఆమెను తీసేసే కాగితం వస్తే నాలాగా నోరు మూసుకోకండి.

బాబాసాహెబ్ బడిలో గోనెపట్ట మీద విడిగా కూచున్నారు. 1927లో మహద్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగి చూపించారు. నీళ్ల పోరు ఆయన చేశారు. బువ్వ పోరు మన వంతు.

జై భీమ్!