గట్టుకెక్కిన పడవ

నీటిమీద నున్న పడవ అడుగు దాని యజమానికి కనబడదు. గట్టునకు లాగి ప్రక్కకు ఒరగబెట్టిననాడే దాని క్షేమము తెలియును. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఇందుకు అనువైన ఋతువు వేసవియే. ఒకప్పుడు ఆ గడువును కాలువలు నిర్ణయించినవి. నేడు చట్టము నిర్ణయించుచున్నది.

బెజవాడవద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట పశ్చిమ డెల్టా కాలువలు సేద్యమునకే గాక రాకపోకలకును ఉపకరించినవి. కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు సాగి పెదగంజాము వద్ద బకింగ్‌హాము కాలువతో కలియును. ధాన్యపు పడవ ఆ దారిన చెన్నపట్టణము వరకు పోయెడిదన్న నేటి పిల్లలకు కథవలె తోచును. వేసవిలో పూడిక తీయుటకై కాలువలు కట్టివేసినపుడు సరంగునకు పని లేదు. వడ్రంగికి మాత్రము తీరిక లేదు.

ఆ వడ్రంగి పని చూచువారికి సులభముగనే తోచును. పలకల నడుమ సందులలోని పాత నారను గీకివేయవలెను. క్రొత్త దూదిని గాని జనుపనారను గాని మొండి ఉలితో దట్టించవలెను. దానిపై నూనెతో కాచిన గుగ్గిలము పూయవలెను. చిక్కంతయు ఆ పాకములోనే యున్నది. గుగ్గిలము హెచ్చినచో పూత పెళుసై పగులును, నూనె హెచ్చినచో ఎండకు కారిపోవును. గట్టుమీద పడవ మరీ ఎండినను ప్రమాదమే. చెక్క కుదించుకొనిపోయి సందులు విచ్చును. కావుననే దానిపై తాటాకులు కప్పుట.

ఉప్పునీటిలో మరియొక శత్రువు కలదు. చెక్కను లోలోపల తొలిచివేయు దానిని మనము పురుగందుము గాని, నిజమునకు అది ఆల్చిప్పల జాతిది. పైకి సూదిబెజ్జమంత గుర్తు మాత్రమే కనబడును. మంచినీట అది బ్రతుకజాలదు. బకింగ్‌హాము కాలువ ఉప్పునీటినుండి కొమ్మమూరు కాలువ మంచినీటికి వచ్చి కొన్నాళ్లు నిలిచిన పడవకు ఖర్చులేని వైద్యము జరిగెడిది!

1916లో రేపల్లెకు రైలు వచ్చెను, తరువాత లారీలు వచ్చెను. కాలువ పడవలు పోయినవి. పడవ పోయిన చోట మోకులకు, గుగ్గిలమునకు, పెద్ద మేకులకు బేరము పోవును. బేరము లేని సరుకును ఏ వర్తకుడును నిలువ యుంచడు. 2008లో ఈ కాలువల దారిని 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించినారు గాని, ప్రకటనతో వడ్రంగులు పుట్టరు గదా.

ఇక పడవలు మిగిలినది సముద్రతీరముననే. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలపై వేట నిషేధము. యంత్రము లేని నాటుపడవలకు ఇది వర్తింపదు. చేపలు గ్రుడ్లు పెట్టుటకై ఏర్పడిన ఈ విరామమే మరపడవలకు మరమ్మతు కాలమైనది. అన్ని పడవలును ఒక్కమారే గట్టెక్కును. అందరికిని అదే వడ్రంగి కావలెను, అదే కలప కావలెను. పని ముగియనివాడు తొలివేట పోగొట్టుకొనును. లేదా విచ్చిన సందుతోనే సముద్రము మీదికి పోవును.

గాజునార పడవలు వచ్చినవి గదా, వీనికి మరమ్మతేల యని కొందరందురు. వీనికి పురుగు బాధ లేదు, నిజమే. కాని పగులు లోనికి నీరు ప్రాకినచో పొరలు విడిపోవును. తడియారని కర్రపై గాజునార కప్పుట మరింత చెరుపు. లోపల కర్ర కుళ్లుచుండగా పైన మెరుగు చూచి మురియుచుందుము.

1977 నవంబరు 19వ తేదీ తుపాను నెరిగిన ఈ తీరమున, గట్టి పడవ గాలివానను గెలుచునని మేము చెప్పము. అట్టి దినములకై రేడియోలో హెచ్చరికలు చదువుచునే యున్నాము. సాధారణమైన అలకు పడవ మునుగరాదు గదా! ఆ సంగతి మాత్రము మేము ఇన్నేండ్లుగా పలుకలేదు. మత్స్యకారుల సహకార సంఘములు కలపను, నారను, గుగ్గిలమును ఏప్రిల్‌కు ముందే మొత్తముగా కొని యుంచినచో సగము తొందర తప్పునని మా యభిప్రాయము.

గడచిన వేసవిలో మేము నిజాంపట్నము రేవునకు పోయితిమి. ఒక వృద్ధ వడ్రంగి కొయ్యసుత్తితో పడవ అడుగును తట్టుచు, చెవి యొగ్గి నడచుచున్నాడు. “ఇది పలుకుతోంది బాబూ. అదుగో, అది పలకటం లేదు” అనెను. మాకు రెండును ఒకటే చప్పుడు. మూడవమారు తట్టినపుడు గాని భేదము తెలియలేదు. పలుకని వానిపై ఆయన సుద్దతో గీత గీసెను. ఆరు పలకలకు గీతలు పడినవి. మార్చవలసిన టేకు ఇంకను రాలేదు.