ఒక్కరోజు శిబిరం కాదు, ఆగని సదఖా

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే చెందుతాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

అమ్మా బఅద్.

వైద్యవిద్య పూర్తి చేసిన మన బిడ్డలు కొందరు మస్జిద్ కమిటీ ముందు ఒక విన్నపం ఉంచారు. వారానికి రెండు సాయంత్రాలు రైలు పట్టాల అవతలి గుడిసెలకు వెళ్లి రోగులను చూస్తారట. తమకు ఫీజు అక్కరలేదు. మందులకు, పరీక్షలకు, ఒక నర్సు జీతానికి మూడేళ్లపాటు సహాయం కోరుతున్నారు. ఏటా ఒకరోజు శిబిరం పెడుతున్నాం కదా, అది చాలదా అని కొందరు సోదరులు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెదకడమే నేటి ప్రసంగ ఉద్దేశం.

అల్ మాయిదా సూరా 32వ ఆయత్‌లో ఒక్క ప్రాణాన్ని నిలపడానికి సమస్త మానవాళిని నిలిపినంత విలువను అల్లాహ్ ప్రసాదించాడు. ప్రతి రోగానికీ ఔషధం ఉన్నదని ప్రవక్త (సల్లం) బోధించారు. ఔషధం ఉండి కూడా పేదవాని చేతికి అందడం లేదంటే, ఆ అడ్డు మన మధ్యనే ఉన్నదన్నమాట.

ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) కొరకు ప్రవక్త (సల్లం) మస్జిదె నబవీలోనే గుడారం వేయించారు. అక్కడ క్షతగాత్రులకు సేవ చేసిన మహిళ హజ్రత్ రుఫైదా (రజి) అని సీరత్ గ్రంథాలు పేర్కొంటున్నాయి. తరువాతి కాలంలో నూరుద్దీన్ జంగీ 1154లో దమస్కస్‌లోను, సుల్తాన్ ఖలావూన్ 1284లో కైరోలోను నెలకొల్పిన వైద్యశాలలు వక్ఫ్ ఆదాయంతో నడిచాయి. ఆస్తుల మీది రాబడి వైద్యుని జీతమైంది, రోగికి మందు అయింది. దాత కన్నుమూసినా చికిత్స ఆగలేదు. సదఖా జారియా అంటే ఇదే.

మన కాలపు ఉదాహరణ తెలంగాణ సరిహద్దుకు ఆవలే, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో ఉన్నది. 1986లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు అక్కడ ‘సెర్చ్’ సంస్థను స్థాపించారు. గ్రామ మహిళలకు శిక్షణ ఇచ్చి, వారు ఇంటింటికీ వెళ్లి నవజాత శిశువులను కనిపెట్టి చూసుకునే ఏర్పాటు చేశారు. పసికందు బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, ప్రమాద లక్షణాలను ముందే గుర్తించి మందివ్వడం ఆ మహిళల పని. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెల్లడైంది. ఒక్కరోజు శిబిరంతో వచ్చిన ఫలితం కాదది. ఏళ్ల తరబడి గడప గడపకూ తిరిగితే వచ్చింది. వారు మన ధర్మస్థులు కారు; అయినా మేలు ఎక్కడున్నా విశ్వాసి నేర్చుకుంటాడు.

శిబిరంలో రక్తపోటు, మధుమేహం బయటపడతాయి. కాని వాటికి మందు ప్రతిరోజూ వేసుకోవాలి. పది రోజుల మాత్రలిచ్చి పంపితే రోగికి జబ్బు పేరు తెలుస్తుంది, అంతే. క్షయకు ప్రభుత్వమే ఉచితంగా మందులిస్తున్నది. సాధారణంగా ఆరు నెలలు వాడాలి. నడుమ మానేస్తే అది మందులకు లొంగని వ్యాధిగా మారవచ్చు. మానకుండా చూసేందుకు ఆ గడపకు వెళ్లే మనిషి కావాలి. నర్సు జీతం అడిగినది అందుకే.

ఇక ధనం విషయంలో జాగ్రత్త అవసరం. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన ముస్లిం పేదకు సొంతంగా చెందాలి. అతని చేతికి మందులు ఇవ్వవచ్చు. జీతాలకు, అద్దెకు, పరికరాలకు వాడరాదు. వాటిని నఫిల్ సదఖా, అతియాల నుండి భరించాలి. ముస్లిమేతర పొరుగువారి చికిత్స కూడా ఆ ఖాతా నుండే సాగాలి. జబ్బు మతం అడిగి రాదు. కాబట్టి కమిటీ రెండు ఖాతాలు, రెండు రసీదు పుస్తకాలు ఉంచాలి. మూడు నెలలకొకసారి జమాఅత్ ముందు లెక్క చదవాలి. రోగుల ఫోటోలు ఫ్లెక్సీలపై వేయరాదు. ఉపకారాన్ని ఎత్తిచూపి సదఖాను వ్యర్థం చేసుకోవద్దని అల్ బఖరా సూరా 264వ ఆయత్ హెచ్చరిస్తున్నది.

సోదరులారా! ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా, ప్రతినెలా తప్పక ఇచ్చే చిన్న మొత్తం ఈ పనికి ఎక్కువ అవసరం. కొద్దిదైనా నిలకడగా సాగే ఆచరణే అల్లాహ్‌కు ప్రియమని ప్రవక్త (సల్లం) తెలిపారు. నమాజు తరువాత ప్రతి ఇంటి పెద్ద తాను నెలకు ఎంత ఇవ్వగలరో కమిటీకి చెప్పండి. దుకాణాలున్నవారు ఒక గది అద్దెను దీనికి వక్ఫ్ చేయగలరేమో ఆలోచించండి.

యా అల్లాహ్! రోగులకు స్వస్థత ప్రసాదించు. మా యువ వైద్యుల చేతిలో షిఫా ఉంచు. మా సదఖాలను ప్రదర్శన నుండి కాపాడి స్వీకరించు. ఆమీన్.