శిశుసంరక్షణాలయములు - బిడ్డల అనారోగ్యము, పెద్దల బాధ్యత



స్వస్థలమునకు దూరముగా, ఢిల్లీ వంటి నగరములలో కొలువు చేయు తెలుగు దంపతులకు ఇంట అమ్మమ్మగాని నాయనమ్మగాని ఉండుట అరుదు. పగటివేళ బిడ్డకు దిక్కు క్రెష్ మాత్రమే. యాభైమందికి తగ్గని ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ ఏర్పరుపవలెనని, తల్లి దినమునకు నాలుగు మార్లు బిడ్డను చూచి రావచ్చునని, 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమునకు 2017లో సవరణ జరిగినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు ఆ నియమమును నిలిపినది. గది ఏర్పడినది, బిడ్డకు జబ్బు చేసిననాడు ఎవరేమి చేయవలెనన్నదే ప్రశ్న.

ఒక సన్నివేశమును ఊహింపుడు. పదునొకండు గంటలకు బిడ్డకు జ్వరము 102 డిగ్రీలకు పెరిగినది. తల్లి వేరొక భవనమున సమావేశములో ఉన్నది. తండ్రి ఫోను అందదు. ఇంతలో బిడ్డకు మూర్ఛ వచ్చినది. అడుగక ఆసుపత్రికి తీసికొనిపోయినచో తనపై నేరము మోపుదురేమో యని ఆయా జంకినచో, ఆ జంకే ప్రమాదము.

సంరక్షకుల సమ్మతి సకాలమున పొంద వీలుకానప్పుడు, బిడ్డ మేలుకొరకు సద్భావముతో చేసిన పని, కొన్ని పరిమితులకు లోబడి, నేరము కాదని భారత శిక్షాస్మృతి 92వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షను అదియే చెప్పుచున్నది. అయితే తగిన శ్రద్ధ, జాగ్రత్త లేక చేసిన పని సద్భావముతో చేసినట్లు కాదనియు ఆ సంహితయే నిర్వచించినది. అనగా మంచి మనస్సొక్కటే చాలదు, జాగ్రత్త కనబడవలెను.

మూర్ఛ వచ్చిన బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. నోట చెంచా పెట్టరాదు, నీరు పోయరాదు. చేత తాళపుచెవులుంచి కాలము గడుపరాదు. వెంటనే 108కి గాని 112కు గాని ఫోను చేయవలెను. విరేచనములైనచో ఓ.ఆర్.ఎస్. ద్రావణమును కొద్దికొద్దిగా పట్టవలెను. తట్టు పోసిన బిడ్డను దద్దురు కనబడిన పిమ్మట నాలుగు దినములవరకు, ఆటలమ్మ పోసిన బిడ్డను పొక్కులన్నియు పక్కు కట్టువరకు, తక్కిన పిల్లలతో కలుపరాదు.

చేసిన ప్రతి పనిని పుస్తకమున వ్రాయవలెను: ఏ గంటకు ఎంత జ్వరము, ఎవరికి ఎప్పుడు ఫోను చేసిరి, ఏమి చేసిరి. చేర్చుకొను నాడే టీకాల వివరము, పడని మందులు, ఇద్దరు బంధుమిత్రుల ఫోను సంఖ్యలు, అత్యవసర చికిత్సకు సమ్మతి వ్రాయించుకొనవలెను. వైద్యుని చీటి, తల్లిదండ్రుల సంతకము లేక ఏ మందును పోయరాదు. రేపు వివాదము వచ్చిననాడు ఆయాకు సాక్షి ఆ పుస్తకమే.

తల్లిదండ్రుల తప్పును గూడ చెప్పక తప్పదు. సెలవు దొరకదని, ఉదయము జ్వరపు మందు పోసి, మాట దాచి బిడ్డను వదలిపోవువారు కలరు. మధ్యాహ్నమునకు మందు బలము తగ్గును, జ్వరము తిరిగి వచ్చును. ఏ మందు ఎప్పుడు పోసిరో ఆయాకు తెలియదు. కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు సర్వీసు మొత్తముమీద 730 దినముల శిశుసంరక్షణ సెలవు కలదు. ఒక మారునకు అయిదు దినములకు తగ్గరాదు గనుక ఒకపూట జ్వరమునకు అది అమరకపోయినను, ఆటలమ్మ వంటివానికి అక్కరకు వచ్చును.

కావున ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు బిడ్డను అప్పగించునపుడు రాత్రి జరిగినది దాచక చెప్పుదురు గాక. ఆయా భయపడక, ఆలస్యము చేయక, చేసినది వ్రాయును గాక. బిడ్డకు రక్ష అదియే. పెద్దలకును రక్ష అదియే.