ఇంటి తాళాలతోపాటు కాగితం కూడా



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లంటే అంత కష్టం, అంత ఖర్చు. చీటీ డబ్బు, నగలు కుదువపెట్టిన డబ్బు, బ్యాంకు అప్పు, అన్నీ కలిస్తే ఒక ఇల్లు. అలాంటి కొత్త ఇల్లు రెండో వానాకాలానికే చెమ్మ పడితే ఎవరిని అడగాలి? ఈవేళ మాట అదే.

ఒక సంసారం ఉందనుకోండి. ఆయన ఆటో నడుపుతాడు. ఆమె మిషను కుడుతుంది. పట్నంలో నలభై ఫ్లాట్లున్న ఒక పెద్ద కట్టడంలో చిన్న ఫ్లాటు కొనుక్కున్నారు.

తాళాలు ఇచ్చే రోజు బిల్డరు గుమాస్తా ఒక కాగితం తెచ్చాడు. "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా. తాళాలు తీసుకో" అన్నాడు.

"సంతకం వచ్చు బాబూ. ముందు చదవనివ్వు" అంది ఆమె.

భర్తకు తొందర. "పాలు పొంగించే వేళ దాటిపోతుంది. పెట్టెయ్యి" అన్నాడు.

ఆమె వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది. "ఇల్లు అన్ని విధాలా బాగున్నది. ఇకమీదట ఏ ఫిర్యాదూ లేదు" అని ఉంది అందులో.

"ఇల్లు చూడకుండానే బాగుందని ఎట్లా రాసిస్తామండీ?" అంది భర్తతో.

లోపలికి వెళ్ళింది. స్నానాల గదిలో బకెట్టు నీళ్ళు పోసింది. నీళ్ళు తూము వైపు పోలేదు. గుమ్మం వైపు వచ్చాయి. నేల మీద పలకలను తట్టి చూసింది. రెండు చోట్ల డొల్ల చప్పుడు వచ్చింది. ఒక కిటికీ రెక్క మూతపడలేదు.

"ఏ ఫిర్యాదూ లేదు" అన్న మాట కొట్టేసింది. కింద మూడు లోపాలూ రాసింది. తేదీ వేసి సంతకం పెట్టింది. గుమాస్తా చేత కూడా సంతకం పెట్టించింది. జిరాక్సు తీసి పెట్టెలో దాచింది. పదిరోజుల్లో మూడూ బాగుచేశారు.

రెండో ఏడు వానలు పడ్డాయి. వంటింటి గోడ చెమ్మగిల్లింది. సున్నం పెచ్చులు ఊడింది. బిల్డరు దగ్గరికి వెళితే, "తాళాలిచ్చి ఏడాది దాటింది. ఇంక మాకు సంబంధం లేదు" అన్నాడు.

ఆ మాట నిజమా? కాదు.

2016లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాన్ని రెరా అంటారు. ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం కనబడితే, పనితనంలో గానీ నాణ్యతలో గానీ లోపం ఉంటే, ఆ సంగతి బిల్డరుకు తెలియజేయాలి. అతను 30 రోజుల్లో బాగుచేయాలి. పైసా అడగకూడదు. చేయకపోతే నష్టపరిహారం ఇవ్వాలి. ఇదీ ఆ చట్టం మాట.

మరి ఐదేళ్ళు ఎక్కడినుంచి లెక్క? తాళాల కాగితం మీది తేదీ నుంచి. అందుకే ఆ కాగితం బంగారంతో సమానం.

ఆమె నోటిమాటతో ఊరుకోలేదు. ఉత్తరం రాసింది:

"అయ్యా, ఫలానా తేదీన మాకు ఫ్లాటు స్వాధీనం చేశారు. ఇప్పుడు వంటింటి గోడలోకి వాన నీరు దిగుతున్నది. ఐదేళ్ళు ఇంకా కాలేదు. చట్టం ప్రకారం 30 రోజుల్లో ఖర్చు లేకుండా బాగుచేయగలరు."

గోడ ఫోటో తీసి ఉత్తరానికి జతచేసింది. రిజిస్టరు పోస్టులో పంపింది. రసీదు దాచింది. ఇరవయ్యో రోజున మేస్త్రీ వచ్చాడు. బయటి గోడ పగులు పూడ్చాడు. లోపల సిమెంటు పూత కొత్తగా వేశాడు.

రాకపోతే? ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ రెరా కార్యాలయాలు ఉన్నాయి. అక్కడ ఫిర్యాదు ఇవ్వవచ్చు. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాల స్థలం దాటి, ఎనిమిది ఫ్లాట్లు మించిన కట్టడాలను రెరాలో నమోదు చేయించాలి. కొనేముందే నమోదు నంబరు అడగండి.

"మాది ఫ్లాటు కాదు. సొంత స్థలంలో కాంట్రాక్టు ఇచ్చి కట్టించుకున్నాం" అంటారా? మీకూ దారి ఉంది. డబ్బు తీసుకుని ఇల్లు కట్టిపెట్టడం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. పని చెడిపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. వకీలు లేకపోయినా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. కానీ సాధారణంగా రెండేళ్ళలోపే వెళ్ళాలి. సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోను చేయండి.

అయితే ఆధారం ఉండాలి. పని మొదలుపెట్టేముందే కాగితం రాయించుకోండి. ఎంత డబ్బు, ఏ సిమెంటు, ఎన్నాళ్ళకు పూర్తి, లోపం వస్తే ఎన్నేళ్ళ వరకు బాధ్యత, అన్నీ అందులో ఉండాలి. డబ్బు ఇచ్చినప్పుడల్లా రసీదు తీసుకోండి. ఆఖరి వాయిదా ఇచ్చేముందు శ్లాబు మీద చుట్టూ గట్టు కట్టి ఒక రోజు నీళ్ళు నిలబెట్టి చూడండి. ఎక్కడ కురుస్తుందో అప్పుడే తెలుస్తుంది.

నీళ్ళ మోటారు, గీజరు వంటి వాటికి వారంటీ కార్డు వేరే ఉంటుంది. ఆ బాధ్యత సాధారణంగా ఆ వస్తువు చేసిన కంపెనీది. కార్డు మీద దుకాణం ముద్ర, కొన్న తేదీ వేయించుకోండి. బిల్లు కూడా జాగ్రత్త. బిల్లు పోతే వారంటీ అడగడం కష్టం.

ఇంకొక మాట. దూలం చెక్కి, గోడ పగులగొట్టి మార్పులు మీరే చేయించుకుంటే, దానివల్ల వచ్చిన చెరుపుకు బిల్డరును అడగలేరు. ధర్మం ఇద్దరికీ ఒకటే.

ఆ తల్లికి చదువు రాకముందు అయితే ఆ కాగితం మీద వేలిముద్ర పడేది. "ఏ ఫిర్యాదూ లేదు" అన్న మాట ఆమె మాటే అయిపోయేది. నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఆమె ఇంటిని కాపాడాయి.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక పెట్టె తెరవండి. ఇంటి కాగితాలు తీయండి. వాటి మీద ఏ తేదీ ఉందో, ఏమి రాసి ఉందో మీరే చదవండి.